ఎత్తేదెంత.. పోసేదెక్కడ?
లోడింగ్ యంత్రం కొనే ముందు క్యాంపు రైతులు వేసుకోవాల్సిన లెక్కలు

సింధనూరు: నవంబరు వచ్చిందంటే తుంగభద్ర ఎడమ కాలువ కింద క్యాంపుల్లో సగం రోడ్డు వడ్లదే. కోత మిషను ఎకరం చేను గంటలో కోసి పోసేస్తుంది. అక్కడితో యంత్రం పని సరి. ఆ వడ్లను ఆరబెట్టి, పోగు చేసి, బస్తాలకెత్తి, లారీలో సర్దేదాకా మళ్లీ మనిషి నడుమే దిక్కు. సరిగ్గా అప్పుడే హమాలీలు దొరకరు. దొరికినా నాలుగు క్యాంపులకు ఒకటే ముఠా. తూర్పున మబ్బు పట్టిందంటే రైతుకు నిద్ర ఉండదు. ఒక్క వానకు పోగు అడుగు తడిసి మొలకెత్తిందంటే ఆర్నెల్ల కష్టం ధర దగ్గర తెగిపోతుంది.

అలాంటి వాన పడిన ఏడాదే లోడింగ్ యంత్రాల మీదకు మనసు పోతుంది. ట్రాక్టరుకు ముందు బకెట్టు బిగించేద్దామని ఒకరు, ఏకంగా జేసీబీయే తెద్దామని మరొకరు. తమ్ముడు కొన్నాడని అన్న, బావ కొన్నాడని బావమరిది. భయంలో కొన్న యంత్రం మరుసటి ఏడాది పశువుల కొట్టం పక్కన తుప్పు పడుతుంటుంది. అది యంత్రం తప్పు కాదు. ఏ బరువు, ఎంత ఎత్తుకు, ఏడాదిలో ఎన్ని గంటలు అన్న మూడు ప్రశ్నలు వేసుకోకుండా కొన్న ఫలితం.

చీల బరువు 75 కిలోలు

1953లో తుంగభద్ర నీళ్లు కాలువల్లోకి వచ్చాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి ఎందరో రైతులు ఇక్కడికి తరలివచ్చారు. సింధనూరు, కారటగి, గంగావతి, మాన్వి చుట్టూ వాళ్లు కట్టుకున్న ఊళ్లే నేటికీ క్యాంపులు. ఇంట్లో మాట తెలుగు, కల్లంలో లెక్క కన్నడం. హమాలీ ముఠా బస్తా అనదు, చీల అంటుంది. ఆ చీలలో 75 కిలోల వడ్లుంటాయి. మగ కార్మికుడు చేత్తో ఎత్తే బరువు 55 కిలోలు మించకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. ఇక్కడ అంతకు 20 కిలోలు ఎక్కువ మోసుకుంటూ వాలుబల్ల మీద లారీ ఎక్కాలి. నలభై ఏళ్లకే నడుం పట్టేసిన హమాలీలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. వాళ్ల పిల్లలు ఆ పనికి రావడం లేదంటే ఆశ్చర్యం ఏముంది?

ఇప్పుడు లెక్కకు వద్దాం. పన్నెండెకరాల రైతును తీసుకుందాం. ఎకరాకు 35 బస్తాలు అనుకుంటే 420 బస్తాలు. అంటే 31 టన్నుల పైచిలుకు. కల్లం నుంచి ట్రాలీకి ఒకసారి, ట్రాలీ నుంచి లారీకి మరోసారి ఎత్తితే 63 టన్నుల బరువు మనుషుల భుజాల మీదుగా నడిచినట్టు.

అదే పని ట్రాక్టరు ముందు బిగించే చిన్న లోడరుతో చేస్తే? ఘనమీటరు వడ్లు 575 కిలోల దాకా తూగుతాయి. ఘనమీటరులో మూడో వంతు కన్నా కాస్త తక్కువ పట్టే బకెట్టుకు 170 కిలోలు, అంటే రెండు బస్తాల పైమాట. మొత్తం వడ్లకు 185 బకెట్లు. ఒక్కో బకెట్టుకు రెండు నిమిషాలు వేసుకున్నా ఆరు గంటల్లో తెమిలిపోతుంది. ఆరంటే ఆరు గంటలు! రెండు పంటలూ కలిపినా పన్నెండు.

ఈ ఒక్క అంకె చాలామంది కళ్లు తెరిపించాలి. లక్షలు పెట్టేది ఏడాదికి పన్నెండు గంటల పనికా?

మిల్లు ఏమంటోంది?

ఇంకో ముఖ్యమైన సంగతి. వడ్లు అమ్మేచోట లూజుగా తీసుకుంటారా, బస్తాల్లోనే కావాలంటారా? బస్తాల్లోనే అంటే బకెట్టు యంత్రం సగం పనికే అక్కరకొస్తుంది. పోగు చేస్తుంది, ట్రాలీ నింపుతుంది. బస్తాను మాత్రం లారీ ఎక్కించలేదు. దానికి కావలసింది బెల్టు కన్వేయరు. రెండు మూడు హెచ్‌పీ మోటారు, చక్రాల మీద లాక్కెళ్లే చట్రం, పైకి ఎత్తిపెట్టుకునే బెల్టు. కింద ఇద్దరు బస్తా పెడితే పైన ఇద్దరు అందుకుని సర్దుతారు. మనుషులు అప్పటికీ కావాలి గానీ, బరువు మోస్తూ బల్ల ఎక్కే బాధ తప్పుతుంది. వయసు పైబడిన హమాలీ కూడా పని చేసుకోగలడు. అతని కూలీ పోదు, నడుమూ పోదు. ఈ ప్రాంతానికి ఇంతగా సరిపోయే సరుకు మరొకటి లేదు. అయినా దాని గురించి అడిగేవాళ్లు తక్కువ. బకెట్టుకున్న దర్జా బెల్టుకు లేదు మరి.

కన్వేయరు కొనేటప్పుడు 75 కిలోల బస్తా పెట్టించి చూడాలి. వాలు నిటారుగా ఉంటే బస్తా వెనక్కి జారుతుంది. బెల్టు మీద అడ్డపట్టీలు ఉండాలి. మోటారు సింగిల్ ఫేజా, త్రీఫేజా అన్నది కల్లం దగ్గరి కరెంటును బట్టి తేల్చుకోవాలి. వ్యవసాయ లైన్లలో త్రీఫేజు ఎప్పుడొస్తుందో రైతుకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ 1,500 కిలోలు వెనకవి

ఇక ట్రాక్టరు లోడరు. షోరూంలో ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. 45, 50 హెచ్‌పీ ట్రాక్టరు కాగితంలో ‘ఎత్తే శక్తి 1,500 కిలోలు’ అని ఉంటుంది. కొన్నింటికి 1,800. అది వెనక కల్టివేటరు, రోటవేటరు తగిలించే చేతుల శక్తి. ముందు బకెట్టుకూ దానికీ సంబంధం లేదు. ముందు ఎంత ఎత్తుతుందో లోడరు తయారుచేసినవాళ్లు చెప్పాలి. అదీ పూర్తి ఎత్తులో ఎంత అన్నది చెప్పాలి. నేలకు దగ్గరగా ఎత్తే బరువును, పైకి లేచాక చాలా లోడర్లు ఎత్తలేవు.

ఏతం తెలిసినవాళ్లకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. బకెట్టు, అందులోని సరుకు కలిపి 500 కిలోలు ఉన్నాయనుకుందాం. అది ముందు ఇరుసుకు మీటరున్నర ముందు వేలాడుతోంది. ట్రాక్టరు ముందు వెనక ఇరుసుల మధ్య దూరం రెండు మీటర్లు. అప్పుడు ముందు ఇరుసు మీద పెరిగే బరువు 500 కాదు, 875 కిలోలు. వెనక ఇరుసు మీద 375 కిలోలు తగ్గుతాయి. అంటే బ్రేకు పడాల్సిన వెనక చక్రాలు తేలికవుతాయి, సన్నటి ముందు టైర్లు నేలలోకి దిగుతాయి. సింధనూరు నల్లరేగడిలో నాలుగు చినుకులు పడ్డాక ఈ పని చేసి చూస్తే తెలుస్తుంది.. టైరు ఎక్కడిదాకా పోతుందో!

అందుకే వెనక ఎదురు బరువు తప్పనిసరి. సిమెంటు దిమ్మె అయినా, ఇసుక నింపిన పెట్టె అయినా ఫర్వాలేదు. పైన చెప్పిన లెక్కలోనే వెనక ఇరుసుకు మీటరు దూరంలో 375 కిలోల దిమ్మె తగిలిస్తే వెనక పోయిన బరువంతా తిరిగొచ్చి, ముందు ఇరుసు మీది భారం దాదాపు 190 కిలోలు తగ్గుతుంది. ఫోర్‌వీల్ ట్రాక్టరుకు ముందు ఇరుసు గట్టిది, టైరు పెద్దది. లోడరు పనికి అదే మేలు. మామూలు ట్రాక్టరుకు బిగిస్తే ఇరుసు గ్యారంటీ ఉంటుందా, పోతుందా అన్నది కంపెనీ డీలరుతో కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాట మీద వెళ్తే స్టబ్ యాక్సిల్ విరిగిన రోజున ఎవరూ పలకరు.

ఇంకో చిక్కు దమ్ము. కేజ్‌వీల్స్ వేసి బురదలో తిరిగే ట్రాక్టరే ఈ క్యాంపుల్లో అన్ని పనులకూ దిక్కు. లోడరు చేతులు ఉంచుకుని దమ్ముకు దిగితే ముందుభాగం కూరుకుపోతుంది. తీసి పెట్టాలంటే ఎంతసేపు? ఇద్దరు మనుషులు అరగంటలో విప్పేలా ఉందా, మెకానిక్కు రావాలా? కొనే ముందు మన కళ్లముందే విప్పించి, మళ్లీ బిగించమనాలి.

ఒకే బకెట్టు.. మూడు బరువులు

బకెట్టు పెద్దదైతే మంచిదన్న భ్రమ ఒకటుంది. అర ఘనమీటరు బకెట్టులో వడ్లు 290 కిలోలు. మాగిన పశువుల పెంట 300 నుంచి 400 కిలోలు. అదే బకెట్టు తడిమట్టి ఎత్తితే 850 కిలోలు దాటుతుంది. వడ్లకని కొన్న బకెట్టుతో పొలం మట్టి తోలిస్తే చేతులు వంగుతాయి, పైపులు పగులుతాయి. మట్టి పనికి చిన్న బకెట్టు వేరే ఉండాలి. లేదా ఆ పని జేసీబీకి వదిలేయాలి. గడ్డి కట్టలకు బకెట్టే వద్దు, పళ్ల ఫోర్కు కావాలి. వడ్ల బకెట్టు అంచుకు రబ్బరు పట్టీ బిగించుకుంటే సిమెంటు కల్లం చెక్కుకుపోదు. ఇక మట్టి కల్లంలో బకెట్టు తోస్తే వడ్లలో మన్ను కలుస్తుంది. కొనేవాడు ఆ మన్నుకు కోసే ధర కూలీ కన్నా ఎక్కువ.

ఎత్తు సంగతీ అంతే. ట్రాలీ పక్కబల్ల అయిదున్నర అడుగుల లోపే. లారీది ఎనిమిది, తొమ్మిది అడుగులు ఉంటుంది. టేపు పెట్టి కొలుచుకోవాలి. ప్రకటనలో రాసే ఎత్తు బకెట్టు తిరిగే పిన్ను దగ్గరిది. బకెట్టు వంచి పోసేటప్పుడు దాని పెదవి రెండడుగులో, ఇంకా ఎక్కువో కిందికి దిగుతుంది. ‘పోసే ఎత్తు’ ఎంత అని విడిగా అడగాలి.

సొంతమా.. అద్దా?

ఉదాహరణకు లోడరు రెండు లక్షలు అనుకుందాం. వడ్డీ నూటికి పది చొప్పున 20 వేలు. పదేళ్లకు అరిగిపోతుందనుకుంటే ఏటా మరో 20 వేలు. నూనె, పైపులు, రిపేర్లు 10 వేలు. యంత్రం కదలకపోయినా ఏడాదికి 50 వేల దాకా ఖర్చు. జేసీబీ అద్దె గంటకు 1,200 అనుకుంటే ఆ డబ్బుతో 42 గంటలు పనిచేయించవచ్చు. పైగా జేసీబీ గంటలో చేసేది ట్రాక్టరు లోడరుకు రెండు గంటలు పట్టొచ్చు, డీజిల్ వేరే. వడ్ల పనికి పన్నెండు గంటలే అని పైన తేలింది. మిగతా పని పెంట తోలడంలోనో, పాడి పశువుల దగ్గరో, పక్క రైతుల దగ్గరో దొరకాలి. దొరకని రైతుకు అద్దే మేలు.

అయితే అద్దెకో గండం ఉంది. మబ్బు పట్టిన రోజున అందరికీ ఒకేసారి కావాలి. కాలువ పనికి వెళ్లిన జేసీబీ ఫోనెత్తదు. నలుగురు రైతులు కలిసి కొనుక్కుంటే? అక్కడా అదే తంటా. ఒకే తూము కింది నలుగురు కలిస్తే నలుగురి కోతా ఒకే వారంలో పడుతుంది. కాలువ మొదట్లో పొలం ఉన్నవాళ్లు ముందు నాటుతారు, చివరి భూములకు నీళ్లు అందేసరికి ఆలస్యం. పై భూముల బంధువూ, చివరి భూముల బంధువూ కలిసి కొంటేనే యంత్రం రెండు కల్లాలకూ అందుతుంది. కర్ణాటకలో హోబళి స్థాయిలో నడిచే ‘కృషి యంత్రధారె’ అద్దె కేంద్రాల్లో లోడరు, కన్వేయరు దొరుకుతాయేమో ముందుగానే వాకబు చేసుకోవాలి. కోతల రోజున వెళ్తే లాభం లేదు.

రెండు పంటల లెక్క మీద అప్పు చేసేవాళ్లు ఒకటి మరవకూడదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. కళ్లముందే నీళ్లు నదిలోకి పోతుంటే ఆయకట్టు అంతా గుండెలు అరచేత పట్టుకుంది. రెండో పంటకు నీళ్లు ఏటా ఖాయం కాదు, బ్యాంకు వాయిదా మాత్రం ఖాయం. ఒక్క పంట మీద కట్టగలిగిన యంత్రమే కొనాలి.

చిన్న రైతుకు ఈ లోడర్లన్నింటి కన్నా ముందు హైడ్రాలిక్ ట్రాలీ చూసుకోవడం మంచిది. ఉన్న ట్రాక్టరు నూనె పంపుతోనే లేస్తుంది, దింపుడు కూలీ మొత్తం తప్పుతుంది. బోరు మోటార్లు ఎత్తడానికైతే చెయిన్ బ్లాకు, మూడు కాళ్ల ఇనుప స్టాండు చాలు. దానికి పెద్ద యంత్రం పిలవడం దండగ.

తీగలు చూసుకోవాలి

కల్లాలు ఎక్కువగా రోడ్డు పక్కన, కరెంటు లైన్ల కిందే ఉంటాయి. ఎత్తిన బకెట్టుకు, కన్వేయరు కొసకు వేలాడే 11 కేవీ తీగ తగిలితే క్షణం చాలు. లైను కింద లోడింగే పెట్టుకోకూడదు. నడిచేటప్పుడు బకెట్టు నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి. కాలువ గట్టు అంచుకు బరువుతో పోకూడదు, నల్లమట్టి గట్టు చెప్పి కూలదు. బకెట్టులో మనిషిని నిలబెట్టి కొమ్మలు కొట్టించడం, ఎత్తిన బకెట్టు కింద దూరి గ్రీజు పెట్టడం ఇంకా చాలాచోట్ల జరుగుతోంది. పైపు పగిలితే బకెట్టు ఆగదు. ఇంజను ఆపాలన్నా, డ్రైవరు దిగాలన్నా ముందు బకెట్టు నేలకు ఆనాలి.

కొనాలని తేల్చుకున్నవాళ్లు డీలరు ఆవరణలో చూపించే ఆటతో సరిపెట్టుకోకుండా సొంత కల్లంలో, సొంత ట్రాక్టరుతో, సొంత వడ్ల పోగు మీద ఒక పూట నడిపించి చూడాలి. నింపిన బకెట్టు పైకెత్తి ఇంజను ఆపి పది నిమిషాలు వదిలేస్తే అది బెత్తెడు దిగిందా, మూరెడు దిగిందా కనిపిస్తుంది. మూరెడు దిగితే సిలిండరో, వాల్వో కారుతున్నట్టే. హైడ్రాలిక్ పైపు పగిలితే అదే సైజుది సింధనూరులోనో, గంగావతిలోనో దొరుకుతుందా, లేక హుబ్బళ్లి నుంచి రావాలా అన్నది కూడా అడ్వాన్సు ఇవ్వకముందే కనుక్కోవాలి.