మా పేట వాసన

మాది విశాఖపట్నంలో పెద్ద జాలరిపేట. ఉద్యోగం అనంతపురంలో. దేశంలోకెల్లా వాన తక్కువ కురిసే జిల్లాల్లో ఒకటని పేరుపడ్డ చోట, సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి, పదిహేనేళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నాను. ఇక్కడ మబ్బు పడితే జనం సంబరపడతారు. నాకు మాత్రం గుండె దడదడలాడుతుంది. మబ్బు లేచిందంటే, ‘అయ్య ఎంత దూరంలో ఉన్నాడో!’ అని లెక్కవేయడం మా ఇంట పుట్టుకతో వచ్చిన విద్య మరి!

అయ్యకు అక్షరం ముక్క రాదు. అయితేనేం? అటు యారాడ కొండను, ఇటు కైలాసగిరిని చూసి, ఏ కొండ దేని వెనక నుంచి తొంగిచూస్తోందో గుర్తుపెట్టుకుని, “ఇక్కడెయ్యండి వల” అనేవాడు. అడుగున రాళ్ళెక్కడున్నాయో, ఆ రాళ్ళ చుట్టూ చేపలెక్కడ తిరుగుతాయో ఆ గుర్తులే చెప్పేవి. ఒకసారి నన్నూ తెప్పమీద కూర్చోబెట్టుకుని నేర్పబోయాడు.

“ఏటగుపడతంది రా?” అన్నాడు.

“మనిల్లు” అన్నాను, వాంతి చేసుకుంటూ.

ఆనాటితో నన్ను బడికి అప్పగించేశారు.

పట్టేది మేము, తినేది పట్నం. వంజరం దొరికితే అమ్మ గంపలో కూర్చుని వీధుల్లోకి పోయేది. మా కంచాల్లోకి కవళ్ళు. మిగిలిన నెత్తళ్ళు ఇసుకలో ఎండేవి. వాసనంటారా? మా పేటకు దారి అడగనక్కర్లేదు, ముక్కున్నవాడెవడైనా వచ్చేయవచ్చు. అందుకే కాలేజీలో ఎవరైనా ఇల్లెక్కడని అడిగితే “లాసన్స్ బే దగ్గర” అనేవాణ్ణి. అబద్ధం కాదు. వ్యాకరణ దోషమూ లేదు.

ఎం.ఏ. చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం సహాధ్యాయులిద్దరితో బస్సులో వస్తున్నాను. ఖాళీ గంపతో అమ్మ ఎక్కింది. నా పక్కవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. అమ్మ నన్ను చూసింది. చూసి, చూపు తిప్పుకుని, మెట్టు దగ్గరే నిలబడింది. పేటకు రెండు స్టాపుల ముందే దిగిపోయింది. నేను పిలవలేదు.

ఇంటికొచ్చేసరికి అన్నం వడ్డించింది. “ఆ పిల్లలు మీ కాలేజీవోళ్ళేనా బాబూ?” అంది. అంతే. ఆ పూట నా కంచంలో వంజరం ముక్క ఉంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడినప్పుడు రెండు రోజులు ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మూడోనాడు అమ్మ గొంతు వినబడింది. “పడవ పోనాది. మీ అయ్య ఉన్నాడు” అంది.

ఇప్పుడు తెప్పలు పోయి ఫైబరు పడవలు, ఇంజన్లు వచ్చాయి. కొండలకు బదులు యంత్రాలు దారి చెబుతున్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట నిషేధం. ఆ సెలవుల్లో అమ్మ అనంతపురం వస్తుంది. రైలు పేరు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్. ఎండుచేపల మూటతో అమ్మ ఎక్కిన పెట్టెలో అది ఏపాటి ఉంటుందో ఊహించుకోండి!

మొన్న వేసవిలో స్టేషనులో నా విద్యార్థులు కొందరు ఎదురయ్యారు. ఒకడు ముక్కు చిట్లించి, “ఏం వాసన సార్ ఇది?” అన్నాడు.

“మా జాలరిపేటదోయ్. ఈమె మా అమ్మ” అని, మూట భుజానికెత్తుకున్నాను.

“సొక్కా పాడైపోతాది బాబూ!” అని అమ్మ గోల.

పాడైంది. రెండుసార్లు ఉతికినా వాసన పోలేదు.