పరుగులో ఫస్ట్ వచ్చినా ఆర్మీ నుంచి ఇంటికే! ఈ రక్త పరీక్ష చేయించుకున్నారా?

లంబసింగి మంచులో, కొండదారుల్లో పెరిగిన కుర్రాళ్లకు అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు పెద్ద లెక్క కాదు. చిక్కంతా రక్తంలో ఉండొచ్చు. మన్యం గిరిజనుల్లో సికిల్ సెల్ సమస్య ఎక్కువ మరి.

తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తే అది వ్యాధి. ఆర్మీకి అన్‌ఫిట్. సెలక్షన్‌లో బయటపడకపోయినా ట్రైనింగ్ మధ్యలో తేలితే మెడికల్ బోర్డు ఇంటికి పంపేయొచ్చు.

ఒక్కరి నుంచే వస్తే క్యారియర్. మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, అందుకే చాలామందికి తమలో అది ఉన్నట్టే తెలీదు. కానీ మైదానాల ఎండలో, ఒంట్లో నీరు తగ్గినా ఆగకుండా పరుగెడితే కండరాలు దెబ్బతినొచ్చు, ఆ ప్రభావం కిడ్నీలపైనా పడొచ్చు. అమెరికా ఆర్మీలోని నల్లజాతి సైనికులపై 2016లో వచ్చిన అధ్యయనంలో క్యారియర్లకు ఈ ముప్పు 54 శాతం ఎక్కువని తేలింది. మరణాలు మాత్రం పెరగలేదు. అక్కడ నీళ్లు, విశ్రాంతి విషయంలో అందరికీ ఒకే జాగ్రత్తలు పాటిస్తారు.

గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వాళ్లకు ఈ పరీక్షలు చేసేందుకు కేంద్రం 2023 జులైలో మిషన్ మొదలుపెట్టింది. ర్యాలీకి వెళ్లేవాళ్లు అప్లికేషన్ పెట్టకముందే దగ్గర్లోని పీహెచ్‌సీలో అడగండి.