అద్దపు తొట్టిలో గుంపుచేపల పొత్తు

మొక్కలతో గూడిన అద్దపు తొట్టిని ఇంటనో పాఠశాలలోనో నెలకొల్పవలెనని కోరువారు మొదట చేయు పని, చేపల అంగడికి పోయి రంగునకు రెండేసి చొప్పున చేపలను తెచ్చుట. ఎఱ్ఱనివి రెండు, నీలపువి రెండు, చారలవి రెండు. వారము దినములు తొట్టి కన్నులపండువుగా నుండును. పిమ్మట నొకటి మొక్కల చాటున దాగి వెలికి రాదు. ఒకటి తోక చిఱిగి నీటిపైన తేలియాడును. మఱొకటి యేమైనదో తెలియరాదు. బాలురు కూడబెట్టిన సొమ్ము పోవుట యొక నష్టము. నోరులేని ప్రాణులు గాజుగోడల నడుమ తప్పించుకొను దారి లేక చచ్చుట అంతకు మించిన నష్టము. ఇట్టి చావులలో పెక్కింటికి మూలము రోగము కాదు, చేపల యెన్నిక. కావున కొనుటకు ముందే యెఱుగదగిన సంగతులను కొన్నిటిని మన విద్యార్థుల కొఱకు వ్రాయుచున్నాను.

చిన్నచేపలు గుంపుగూడి తిరుగుట మనకు శోభగా దోచును గాని, వానికది ప్రాణరక్షణోపాయము. నీటిలో నడచునది మత్స్యన్యాయమే గదా. ఒంటరి చేపను పెద్దచేప తేలికగా గుఱిచూచి పట్టును. ఏబది చేపలు ఒక్కసారి చెదరి మఱల కూడినప్పుడు వానిలో దేనిని పట్టవలెనో దానికి తోచదు. అంతియేకాక, పెక్కు కన్నులు కాచుచున్నప్పుడు అపాయము ముందుగా కానవచ్చును; ఒక్కొక్క చేపకు మేత మేయుటకు ఎక్కువ తీరిక దొరకును. ఇట్లు కలసి మెలగుటకు కన్నులేకాక, మేనికి ఇరుప్రక్కల తలనుండి తోకవఱకు సాగు పార్శ్వరేఖ యను నింద్రియము కూడ తోడ్పడును. ప్రక్కచేప కదలినప్పుడు నీటిలో పుట్టు స్వల్పమైన ఒత్తిడిని ఆ రేఖ కనిపెట్టును.

అట్టి చేపను ఒంటిగా గాని జంటగా గాని తొట్టిలో వేసినచో, అచట శత్రువు లేడని దానికెట్లు తెలియును? నిరంతరము పొంచి చూచుచునే బ్రదుకును. రంగు వెలవెలబోవును, మేత సరిగా ముట్టదు, తుదకు రోగమునకు లోనగును. కొన్ని జాతులైతే బెదరుటకు మాఱు తోడి చేపలను కఱవ మొదలిడును. అందువలన ఒక్కొక్క జాతిలో ఆఱింటికి తక్కువ కాకుండ ఉంచవలెనని చేపలు పెంచువారు చెప్పుదురు. నా మతమున ఆఱు కనీసము మాత్రమే. పదియో పండ్రెండో యుండుట మేలు. ఆఱు జాతులను రెండేసి తెచ్చుటకంటె ఒక్క జాతినే పండ్రెండు తెచ్చుట చేపలకును మంచిది, చూపరులకును మంచిది.

ఇచట నొక భ్రమను తొలగింపవలయును. గుంపుచేపలు ఎల్లప్పుడు సిపాయిలవలె బారుతీరి యీదునని పలువురు తలంచి, అట్లు కానరానప్పుడు నిరాశ పడుదురు. క్షేమముగా నున్న చేపలు ఒకదానికొకటి కనబడునంత దూరములో వదులుగా తిరుగుచు, దేని మేత నది వెదకికొనుచుండును. అన్నియు నొక మూలకు చేరి బిగువుగా నిలిచినచో, అవి వెఱచినవని యర్థము. కొత్తగా తెచ్చిననాడు అట్లుండుట సహజము. నెల గడిచినను అట్లే యున్నయెడల, తొట్టిలోని దేనికో అవి భయపడుచున్నవని గ్రహింపవలెను.

ఇక నీటి సంగతి. అన్నిటికంటె ముఖ్యమైనదియు, అంగడిలో ఎవరును అడుగనిదియు నిదియే. తెలంగాణ, రాయలసీమలలో గొట్టపుబావుల నీరు పెక్కుచోట్ల కఠినజలము. దీనిని తెలిసికొనుటకు రసాయనశాల యక్కఱలేదు: సబ్బు తేలికగా నురుగదు, నీరు కాచిన పాత్ర యడుగున తెల్లని పెచ్చు కట్టును. ఇట్టి నీటిలో, వానజలమువంటి మృదుజలములో పుట్టి పెరుగు చేపలను వేయుట వానిని పరదేశమునకు పంపుట వంటిది.

దీనికి నియాన్ టెట్రా యను చేప మంచి యుదాహరణము. అంగుళమునకు కొంచెము మించిన యీ చేపకు ప్రక్కన మెఱయు నీలపు గీత, తోకవైపున ఎఱుపు. 1934లో ఆగస్టె రబో అను ఫ్రెంచివాడు అమెజాన్ నది యెగువ ప్రాంతమున దీనిని కనుగొనెను. 1936లో జార్జి మయర్సు అను శాస్త్రజ్ఞుడు, ఫిలడెల్ఫియాలో చేపల పెంపకమును గూర్చి పత్రిక నడుపుచుండిన ఇన్నెస్ పేరిట దీనికి నామకరణము చేసెను. నేడు లోకమున దీనిని మించి పేరుపొందిన తొట్టిచేపలు కొలది. అయినను ఇది మృదువై, కొంచెము ఆమ్లగుణము గల నీటిని, 21 మొదలు 25 డిగ్రీల చల్లదనమును కోరును. మన యూళ్లలో మే నెలలో తొట్టినీరు 30 డిగ్రీలు దాటుట వింత కాదు. రియో నెగ్రో నదీప్రాంతమునకు చెందిన కార్డినల్ టెట్రా, చూపునకు దీని యక్కవంటిది, వేడిమిని ఇంతకంటె బాగుగా నోర్చును. కాని మృదుజలము దానికిని కావలయును. నదినీరో వాననీరో సమృద్ధిగా దొరకని యింట ఈ రెంటిని కోరకుండుటయే దయ.

వేడిమివలన మఱొక చిక్కు కలదు. 20 డిగ్రీల యొద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగా, 30 డిగ్రీల యొద్ద సుమారు 7½ మాత్రమే కరగును. వేడియందు చేప యూపిరి త్వరత్వరగా తీయును. అనగా ఖర్చు పెరిగినప్పుడే రాబడి తగ్గును. పగలు ప్రాణవాయువు నిచ్చు మొక్కలు సయితము రాత్రి దానిని తీసికొనును గాన, వేసవిలో తెల్లవాఱుజామున తొట్టిలో కఱవు హెచ్చు. తొట్టిని క్రిక్కిఱియ నింపరాదనుటకు ఇది చాలిన కారణము.

నీరు సరిపడినను గుణము సరిపడవలెను. చేపల విషయమున మొదటి సూత్రము మిక్కిలి మోటైనది: నోట పట్టునదంతయు ఆహారమే. ఏంజెల్ చేప చిన్నదిగా నున్నప్పుడు నియాన్‌లతో చక్కగా మెలగును. పెరిగి పెద్దదై నోరు వెడల్పగుసరికి నొక్కొక్క నియాన్ మాయమగును. దానియందు క్రౌర్యము లేదు; ఆకలి కలదు, అంతియే. టైగర్ బార్బుల తీరు వేఱు. సుమత్రా వైపునుండి వచ్చిన యీ చారల చేపలు పొడవైన వాజములను చూచినచో కొఱుకక మానవు. ఒక విద్యార్థి యింట రెండు టైగర్ బార్బుల నడుమ నున్న ఏంజెల్ చేపను చూచితిని. దాని సొగసైన వాజములు మొండి ముక్కలై యుండెను. పది పండ్రెండు బార్బులున్నచో ఆ కయ్యము చాలవఱకు వానిలో వానికే సరిపోవును. అప్పుడైనను ఏంజెల్ చేపను గాని, పొడవువాజముల ఫైటర్ చేపను గాని వానితో నుంచరాదు. గోల్డ్ ఫిష్ అను బంగారుచేప ఈ పొత్తునకు ఏవిధముగను తగదు. అది చల్లనినీటి ప్రాణి, పెద్దగా పెరుగును, లేత మొక్కలను తినును, వేళ్లతో పెకలించును.

మనకు తగినవి యేవి యన, మన దేశపు చేపయే మొదట నిలుచును. జీబ్రా డేనియో యని పిలువబడు చారల చేప భారత, బంగ్లాదేశ, నేపాళ దేశముల వాగులలోను వరిపొలముల యంచులలోను నుండునది. గంగానది చేపలను గూర్చి 1822లో గ్రంథము ప్రకటించిన ఫ్రాన్సిస్ హామిల్టన్ దీనిని మొదట వర్ణించెను. నేడు లోకమందలి ప్రయోగశాలలలో జీవశాస్త్రజ్ఞులకు ఇది నిత్యపరిచితము; 2013లో దీని జన్యుక్రమమంతయు ప్రకటితమైనది. దీని పొడవు అంగుళమున్నర, చలిని వేడిని రెంటిని ఓర్చును, కఠినజలమునకు జంకదు, మొక్కలను చెఱుపదు. నీటి పైభాగమున ఎడతెగక పరుగులిడును గాన తొట్టి పొడవుగా నుండవలెను, మూత తప్పక వేయవలెను, ఏలయన ఎగిరి దూకును. తక్కువ సంఖ్యలో నుంచినచో ఒకదానినొకటి వెంటాడి వేధించును. పదియున్నచో ఆ వేధ పలుచనగును.

నడిమి నీటికి సింహళద్వీపపు చెర్రీ బార్బు నాకు మిగుల నచ్చిన చేప. మన చెఱువుల పరిగెలకు చుట్టమైనను బహు నెమ్మది గలది. మొక్కల నీడ దొరికినచో మగచేపలు పండిన చెర్రీపండ్లవలె ఎఱ్ఱబాఱును. బోసి తొట్టిలో వెలవెలబోవును. మగవానికంటె ఆడువానిని ఎక్కువగా తీసికొనవలెను. దీని బంధువగు రోజీ బార్బు మన దేశపుదే, గట్టిదే. కాని మూడు నాలుగు అంగుళములు పెరిగి లేతయాకులను మేయును గాన చిన్న తొట్టికి వలదు. అడుగుభాగమున కంచురంగు కోరిడోరస్ చేపలు ఆఱుండవచ్చును. వాని మీసములు మృదువైనవి గాన, గరుకు రాళ్లు కాక నున్నని యిసుక పఱచవలెను. ఇవి అప్పుడప్పుడు పైకి ఎగసి గాలి మ్రింగును. ప్రేగులద్వారా గాలి పీల్చు శక్తి వానికి కలదు, చూచి కంగారుపడకుడు.

మన దేశపుదైనంత మాత్రమున ప్రతి చేపయు తొట్టికి తగినది కాదు. మిస్ కేరళ యని యమ్ముచుండు అందమైన చేపను 1865లో ఫ్రాన్సిస్ డే వర్ణించి, నాటి మద్రాసు గవర్నరు డెనిసన్ పేరు పెట్టెను. కేరళ, దక్షిణ కర్ణాటకముల కొండవాగులలో తప్ప నది వేఱెచటను లేదు. తొట్టిచేపల వ్యాపారమునకై విచ్చలవిడిగా పట్టుటచే దాని సంఖ్య క్షీణించి, అది యిప్పుడు అంతరించు నపాయము గల జాతుల పట్టికలో చేరినది. అఱచేతి పొడవున పెరిగి, పాఱు చల్లని నీటిని కోరు నా చేపకు మన తొట్టి చాలదు. గాజువలె నెముకలు కనబడు గాజుచేపకు సూదితో రంగులెక్కించి యమ్ముటయు కలదు. అట్టి రంగును కొనువారున్నంతకాలము ఆ సూది యాగదు.

మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదునైదంగుళముల ఎత్తు గల తొట్టిలో సుమారు 105 లీటర్లు పట్టును. ఇసుక, రాళ్లు, పైయంచు పోగా 85 లీటర్లు మిగులును. దానికి జీబ్రాలు పది, చెర్రీ బార్బులు పది చాలును. జీబ్రాలకు మాఱు కోరిడోరస్‌లు ఆఱుంచినను బాగుగనే యుండును. మూడు గుంపులను మాత్రము కూర్పవలదు.

చేపల విసర్జనమునుండి పుట్టు అమ్మోనియా విషము. సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిమ్మట తక్కువ హానిగల నైట్రేటుగను మార్చును. ఆ సూక్ష్మజీవులు తొట్టిలో నెలకొనుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. మొక్కలు కూడ అమ్మోనియాను కొంత గ్రహించును గాన, హైడ్రిల్లా వంటి వడిగా పెరుగు నాచును ముందే నాటవలెను. పాఠశాల తొట్టికైతే జూన్ నెలలో తలుపులు తెఱచినప్పుడు ఇసుక పఱచి మొక్కలు నాటి, ఎండ తగ్గి నీరు చల్లబడిన జూలై తుదిని జీబ్రాలనన్నిటిని ఒక్కసారి తెచ్చి, మూడు వారములు గడిచి మొదటి గుంపు నెమ్మదిగా మేయుచున్నప్పుడు చెర్రీ బార్బులను తేవచ్చును. వచ్చు వేసవి సెలవులలో వానికి మేత వేయువారెవరో, ఆవిరియైన నీటిని నింపువారెవరో, ఆ జూలైకి ముందే నిశ్చయించుకొనవలెను.