ఇంటియొద్ద విద్యుత్కారు – కొలతయు, అదుపును



విద్యుచ్ఛక్తితో నడచు కార్లు నేడు పట్టణములను దాటి గ్రామములకును వచ్చుచున్నవి. సంక్రాంతికి హైదరాబాదునుండి వచ్చిన కుమారుడు కారును వాకిట నిలిపి, "నాన్నగారూ, పెద్ద ప్లగ్గు ఎక్కడ నున్నది?" అని యడుగుట యిక వింత గాదు. అప్పుడు ఇంటి పెద్ద యేమని సమాధానము చెప్పవలయును? వసారాలోని పాత ప్లగ్గును చూపవచ్చునా? కారును చార్జి చేయుట యే వేళ మొదలిడవలయును? దానివలన ఇంటి తీగెలకు గాని, వీధిలోని ట్రాన్స్‌ఫార్మరునకు గాని హాని కలుగునా? ఈ సందేహములను దీర్చుటయు, కారు గ్రహించు విద్యుత్తును కొలుచుచు దానిని అదుపులో నుంచు నూతన సాధనములు పనిచేయు విధమును వివరించుటయు ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

మొదట లెక్కలను తెలిసికొందము. కరెంటు బిల్లులోని 'యూనిట్టు' అను మాట మన మందఱ మెఱిగినదే. వేయి వాట్ల హీటరు ఒక గంటకాలము పనిచేసినచో వ్యయమగునది ఒక యూనిట్టు. 2020 జనవరిలో మన దేశమున విడుదలైన టాటా నెక్సాన్ విద్యుత్కారు బ్యాటరీలో 30.2 యూనిట్లు పట్టును. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు పీడనము 230 ఓల్టులు. పెద్ద ప్లగ్గునుండి 15 ఆంపియర్లు తీసికొన్నచో, 230ని 15చే గుణింపగా 3450 వాట్లు, అనగా ఇంచుమించు మూడున్నర కిలోవాట్లు. మార్గమధ్యమున వేడిరూపమున పోవు నష్టమును గూడ కలిపి చూచినచో, ఖాళీ బ్యాటరీ నిండుటకు తొమ్మిది పది గంటలు పట్టునని యేర్పడుచున్నది.

ఇచ్చట గమనింపవలసిన విశేష మొకటి గలదు. నీళ్లు కాచు హీటరును, ఇస్త్రీపెట్టెయు గూడ హెచ్చుగనే విద్యుత్తును గ్రహించును. కాని యవి కొంతసేపు పనిచేసి ఆగిపోవును. కారు అట్లు గాదు. రాత్రియంతయు ఎడతెగక 15 ఆంపియర్లను లాగుచునే యుండును. తీగెలు కలిసిన చోట బిగువు తప్పినచో అచ్చట నిరోధము పెరుగును. ఆ నిరోధము ఒక ఓములో పదియవ వంతు మాత్రమే యనుకొందము. పుట్టు వేడిని లెక్కించుటకు కరెంటు వర్గమును నిరోధముచే గుణింపవలయును. 15 వర్గము 225. అందు పదియవ వంతు ఇరువదిరెండున్నర వాట్లు. ఇది స్వల్పమని తోచవచ్చును. కాని రేడియో మరమ్మతు చేయువాడు సీసమును కరగించు సోల్డరింగు కడ్డీకి 25 వాట్లు చాలును. అంతటి వేడి ప్లగ్గులోపల గంటలతరబడి నిలిచినచో ప్లాస్టిక్కు కరగి నిప్పంటుకొనుట అసంభవము గాదు.

కాబట్టి పాత ప్లగ్గునకు కారును తగిలించుట మంచిది గాదు. మీటరు వద్దనుండి కారుకొఱకే వేఱు తీగెను లాగింపవలయును. దూరమును బట్టి తీగె లావును అర్హత గల ఎలక్ట్రీషియను నిర్ణయింపవలయును. ఆ మార్గమునకు వేఱుగా ఒక ఎంసీబీ స్విచ్చియు, 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పగనే విద్యుత్తును తెగగొట్టు రక్షకమును ఉండవలయును. ఎర్తు గుంట ఎండిపోకుండ వేసవిలో నీరు పోయుచుండవలయును. ఇంటికి మంజూరైన లోడు చాలనిచో విద్యుత్ కార్యాలయమున అదనపు లోడునకు దరఖాస్తు చేయవలయును. పండుగకు వచ్చిన కారునకు అత్యవసరమైనచో, వెంట తెచ్చిన చార్జింగు కేబులులో ఆంపియర్లను తగ్గించు వీలున్నయెడల ఆఱునకో ఎనిమిదింటికో తగ్గించి, అరగంట కొకమాఱు ప్లగ్గు పైభాగమును తాకి చూడవలయును. వేడిగా నున్నచో వెంటనే ఆపవలయును. ఎట్టి నూతన సాధనమైనను చెడిన తీగెను బాగుచేయజాలదని మఱువరాదు.

ఇక సాధనముల సంగతి. గోడకు బిగించు పెట్టెను జనులు చార్జరని పిలుతురు. నిజమైన చార్జరు కారులోపలనే యున్నది. ఇంటికి వచ్చు ఏసీ విద్యుత్తును బ్యాటరీకి తగిన డీసీగా మార్చు యంత్ర మదియే. గోడపెట్టె ద్వారపాలకుని వంటిది. అది కారుతో సంభాషించు విధము మిక్కిలి చమత్కారమైనది. కేబులులో విద్యుత్తును మోయు లావు తీగెలు గాక, సంకేతములకై సన్నని తీగె యొకటి గలదు. పెట్టె దానిపై 12 ఓల్టుల సంకేతము నుంచును. కారునకు తగిలింపగనే అది 9 ఓల్టులకు దిగును. 'నేను వచ్చితి'నని దాని యర్థము. కారు సిద్ధమైనప్పుడు 6 ఓల్టులకు దిగును. 'ఇక నిమ్ము' అని దాని యర్థము. అంతవఱకు పెట్టె లావు తీగెలకు విద్యుత్తును వదలదు.

ఎంత తీసికొనవలయునో తెలుపుటయు ఆ సన్నతీగెవలననే జరుగును. సంకేతము సెకనుకు వేయిమాఱులు స్పందించుచుండును. ప్రతి స్పందనమునందు అది యెంత పాలు నిలిచియుండునో దానినిబట్టి కారు తన పరిమితిని గ్రహించును. నూటికి పదిపాళ్లు నిలిచినచో 6 ఆంపియర్లు. ఇరువదియైదు పాళ్లైనచో 15. ఏబది పాళ్లైనచో 30. ఆ పరిమితిని కారు మీఱరాదు. ఇది ఐఈసీ 61851 అను అంతర్జాతీయ ప్రమాణములోని పద్ధతి. అందుచే వేఱు వేఱు కంపెనీల కార్లును, పెట్టెలును ఈ భాషను ఒకేరీతిగా నెఱుగును. 'స్మార్టు' పెట్టె యనగా ఇంటి వైఫై ద్వారమున యజమాని సెల్‌ఫోనునుండి ఆజ్ఞను గ్రహించి, ఈ స్పందనపు పాళ్లను మార్చగలిగినది. దానిలోని మీటరు ఏ రాత్రి ఎన్ని యూనిట్లు ఎక్కినవో, ఏ వేళ ఎన్ని ఆంపియర్లు పాఱినవో ఫోనులో చూపును. కారు ఖర్చెంతో, ఇంటి ఖర్చెంతో దానివలన విడివిడిగా తెలియును.

ఈ అదుపు ఎందులకు? మన చెఱువుల ఆచారమును తలచుకొన్నచో సులభముగా బోధపడును. చెఱువులో నీరున్నను అందఱును ఒక్కసారి మడవలు తెఱచినచో కాలువ చివఱి పొలమునకు నీరందదు. కాబట్టి నీరటి వంతులు పెట్టి, ఒక మడవ మూసి మఱియొకటి తెఱచును. నీరు పెరుగలేదు, వేళలు మాత్రము సర్దుబాటైనవి. విద్యుత్తు విషయమునను ఇదియే న్యాయము. ఒక ఇంటి మెయిను స్విచ్చి 32 ఆంపియర్లకు తగినదనుకొందము. హీటరు తొమ్మిది, ఏసీ యంత్రము ఏడు, నీటి మోటారు ఐదు తీసికొన్నచో మొత్తము 21. మిగులునది 11. అప్పుడు కారు 15 తీసికొన్నచో భారము మెయిను స్విచ్చి పరిమితిని దాటును. మీటరు వద్ద తీగె చుట్టును బిగించిన కొలతకడియము ఈ సంగతిని పెట్టెకు తెలుపగా, అది కారును పదింటికి తగ్గించును. హీటరు ఆగగనే మరల పదునైదింటికి పెంచును. ఇంటివారికి ఇది తెలియనైన తెలియదు.

ఇంటి వెలుపల గూడ ఇట్టి వంతు అవసరమే. ఒక వీధికి 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు కలదనుకొందము. అది మోయదగినది ఇంచుమించు 60 కిలోవాట్లు. సాయంకాలము ఇండ్లన్నియు కలిసి 45 వాడుచుండగా, పండుగకు వచ్చిన ఐదు కార్లు ఒక్కసారి తగిలించినచో మఱి పదునేడున్నర చేరి భారము పరిమితిని దాటును. ఆ కార్లే రాత్రి పదకొండు దాటిన పిమ్మట, దీపములును టీవీలును ఆగినతఱి మొదలిడినచో చిక్కుండదు. సామాన్యముగా తొందరయు నుండదు. చిన్న కారు యూనిట్టునకు ఆఱేడు కిలోమీటర్లు నడచుననుకొన్నచో, దినమునకు 30 కిలోమీటర్లు తిరుగువానికి కావలసినది ఐదు యూనిట్లు, పట్టుకాలము గంటన్నర. రాత్రి ఎనిమిది గంటలలో ఆ గంటన్నర యెప్పుడైన నేమి? అదుపుసాధనమునకు ఉపయోగపడునది ఈ వెసులుబాటే.

గ్రేట్ బ్రిటనులో దీనికై చట్టబద్ధమైన నిబంధనలు 2021లో చేయబడి, 2022 జూన్ 30 నుండి అమలులోనికి వచ్చినవి. ఇండ్లకై అమ్ము కొత్త పెట్టెలు స్మార్టువి కావలయుననియు, పనిదినములలో ఉదయము 8 నుండి 11 వఱకును, సాయంకాలము 4 నుండి రాత్రి 10 వఱకును చార్జింగు జరుగకుండునట్లు ముందుగా అమర్చి యుంచవలయుననియు వాని విధి. యజమాని కోరినచో ఆ వేళలను మార్చుకొనవచ్చును. ఇంకొక సూక్ష్మము గలదు. చౌకవేళ మొదలుకాగనే లక్షలకొలది కార్లు ఒకే క్షణమున తగిలినచో విద్యుద్వ్యవస్థకు దెబ్బ తగులును. కాబట్టి ప్రతి పెట్టెయు పది నిమిషములలోపు ఏదో యొక వ్యవధిని తానే యెంచుకొని పిమ్మట మొదలిడవలయును. కరెంటు పోయి మరల వచ్చుచుండు మన గ్రామములకు ఈ యుపాయము మఱింత తగినది. కరెంటు రాగానే మోటార్లును, కార్లును ఏకకాలమున లాగుటవలన ఫ్యూజులు పోవుట తప్పును.

అయితే వారికి మంచివేళ రాత్రి యనిన, మనకును సర్వదా రాత్రియే యని తలపరాదు. మన దేశమున సూర్యశక్తి కేంద్రములు పెరుగుటచే పగటిపూట విద్యుత్తు సమృద్ధిగా లభించుచున్నది. 2023 జూన్‌లో కేంద్రప్రభుత్వము వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి, స్మార్టు మీటరు గల యిండ్లకు పగటి సూర్యవేళలలో తక్కువ ధరయు, వాడకము హెచ్చు వేళలలో ఎక్కువ ధరయు నుండవలయునను సూత్రమును స్థాపించినది. మీ సర్వీసునకు ఏ ధరలు వర్తించునో విద్యుత్ కార్యాలయమున అడిగి తెలిసికొని, దానినిబట్టి వేళలను అమర్చుకొనవలయును.

ఇంటి కప్పుపై సూర్యఫలకములు గలవారికి మధ్యాహ్నమే శ్రేష్ఠము. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకమువలన ఇట్టి యిండ్లు హెచ్చుచున్నవి. ఇల్లు వాడుకొనగా మిగిలిన శక్తినే కారునకు మళ్లించు పెట్టెలు గలవు. మిగులు 1900 వాట్లున్నచో, దానిని 230చే భాగింపగా ఎనిమిది ఆంపియర్లు వచ్చును. పెట్టె కారును ఎనిమిదింటికి నియమించును. మబ్బు క్రమ్మి మిగులు వేయి వాట్లకు తగ్గినచో నాలుగు ఆంపియర్లే యగును. ఆఱింటికి తక్కువగా నియమించుటకు ఆ సంకేతభాషలో వీలు లేదు. కావున పెట్టె కొంతసేపు ఆపి, ఎండ రాగానే మరల మొదలిడును.

కొనువారికి నాలుగు హెచ్చరికలు. బజారులో దొరకు చిన్న స్మార్టు ప్లగ్గులు దీపములకును పంఖాలకును తగినవి. రాత్రియంతయు కారుభారమును వానిపై వేయరాదు. అవి కారుతో సంభాషింపలేక విద్యుత్తును ఊరక తెగగొట్టును. రెండవది, వైఫై ఆగినప్పుడును తనలో నిలుపుకొన్న వేళలప్రకారము పనిచేయు పెట్టెనే ఎన్నుకొనవలయును. మూడవది, పెట్టెతో వచ్చిన రహస్యపదమును వెంటనే మార్చవలయును. దానిని ఇతరులకు చెప్పుట తాళపుచెవిని వీధిలో వైచుటతో సమానము. నాలుగవది, బ్యాటరీని దినదినము ఎంతవఱకు నింపవలయునో కారుతో వచ్చిన పుస్తకమునందు చూచి, ఆ పరిమితినే సాధనమున నిలుపవలయును. బ్యాటరీలు పలు జాతులవి గనుక అన్నిటికి ఒకే నియమము చెల్లదు.

గ్రామపెద్దలు చేయదగిన కార్య మింకొకటి గలదు. వీధికి మొదటి కారు వచ్చినప్పుడు ఎవ్వరికిని ఇబ్బంది తోచదు. ఐదవది వచ్చునప్పటికి ట్రాన్స్‌ఫార్మరు కాలినచో చీకటిలో నుండునది కారు గలవారు మాత్రమే గాదు. కారు లేని బీదయింటి పంఖాయు ఆగిపోవును, పసిబిడ్డయు నిద్రలేక యేడ్చును. కావున కార్లు గలవారిని ముందుగనే సమావేశపఱచి, ఎవ్వరు ఏ వేళ తగిలింతురో వంతులు నిర్ణయించి, ఆ వేళలను పెట్టెలలో అమర్పింపుడు. విద్యుత్ శాఖవారికి కార్ల సంఖ్యను తెలిపి, ట్రాన్స్‌ఫార్మరు చాలునో చాలదో పరీక్షింపుమని కోరుడు. నీటి వంతులను తరతరములుగా తగవు లేకుండ నడపిన మన గ్రామములకు విద్యుత్తు వంతులను నడపుట కష్టము గాదు. నూతన సాధనము చెప్పినట్లు చేయగలదు. ఏమి చెప్పవలయునో నిర్ణయింపవలసినవారు మీరు.