గుండెకాడి సంగతి కన్ను చెప్తదా?

ఊర్లల్ల నీరసపడితే మనం డాక్టర్ను మొదలు అడిగేది ఒక్కటే: "సార్, ఒక సెలైన్ ఎక్కియ్యిండ్రి." వాంతులు, విరేచనాలతోని ఎండిపోయినోళ్లకు అది పానం పోస్తది. గానీ గుండె, కిడ్నీలు బాగలేనోళ్లకు ఆ నీళ్లే ఊపిరితిత్తులల్ల చేరి పానం మీదికి తెస్తయి. మరి ఒంట్లె నీళ్లు ఎక్కువైనయా, తక్కువైనయా ఎట్ల తెల్వాలె?

నేను డాక్టర్ను కాదు. చదివి, అడిగి తెలుసుకున్నది చెప్తున్న. ఒళ్లంత తిరిగిన రక్తం గుండె కుడిదిక్కుకు వాపసొచ్చే కాడ ఒక ఒత్తిడి ఉంటది. దాన్ని సెంట్రల్ వీనస్ ప్రెషర్ అంటరు. మామూలుగ 2 నుంచి 8 మిల్లీమీటర్ల పాదరసం. చెయ్యికి పట్టి కట్టి చూసే బీపీ వేరు, ఇది వేరు. సక్కగ కొలవాలంటే మెడల పెద్ద సిర నుంచి సన్నని గొట్టం గుండె దగ్గరిదాక పంపాలె. దానికి ఐసీయూ కావాలె. ఇన్ఫెక్షన్ భయం ఉండనే ఉంటది.

అందుకే గుచ్చకుంట తెలుసుకునే దారులు వెతుకుతున్నరు. అండ్ల ఒకటి కన్ను. కన్ను లోపల ఎప్పుడూ నీళ్లు ఊరుతయి, చిన్న సిరలల్లకు దిగుతయి. ఆ సిరల రక్తం ఆఖరుకు గుండెకే చేరుతది. చెరువు నిండితే కాలువల నీళ్లు ఎనకకు తన్నినట్టు, గుండెకాడ ఒత్తిడి పెరిగితే కంటి నీళ్లు దిగుడు కష్టమైతది, కంటి ప్రెషర్ పెరుగుతది. దాన్ని కొలిచే టోనోమీటర్ కండ్ల దవఖానలల్ల ఉండేదే. ఇంకో తీరుల, కన్ను మీద మెల్లగ ఒత్తిడి పెంచుకుంట లోపలి సిర ఎప్పుడు చప్పబడతదో చూస్తరు.

గానీ ఆ ఒక్క అంకెనే నమ్మొద్దు. కంటి ప్రెషర్ మామూలుగనే 10 నుంచి 21 ఉంటది. గ్లకోమా ఉంటే గుండె మంచిగున్నా పెరుగుతది. తలల ప్రెషర్ పెరిగినా ఆ సిర మీద పడతది. పండుకుంటే ఒక తీరు, కూసుంటే ఒక తీరు. గొట్టం జాగల ఇది ఇంకా రాలే. ఇంట్ల ఎవరూ కండ్లు ఒత్తి చూడొద్దు.

ఖర్చులేని పరీక్ష ఒకటి ఎప్పటిసందో ఉన్నది. మంచం తలదిక్కు 45 డిగ్రీలు లేపి, మెడల సిర ఎంత ఎత్తుదాక కొట్టుకుంటుందో చూసుడు. రొమ్ము ఎముక పైభాగంల చేతికి తగిలే గట్టు నుంచి 3 సెంటీమీటర్లు దాటితే ఒత్తిడి పెరిగినట్టు.

దీనికి మంచం, స్కేలు, చూసే డాక్టర్ చాలు. మంచం, స్కేలు ఎట్లనన్న దొరుకుతయి. డాక్టరే దొరకక ఎన్ని ఊర్లు గోస పడుతున్నయో మీకు తెల్సు. కొత్త మెషిన్ ఎప్పుడొస్తదో అని సూడకుంట, తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పీహెచ్‌సీల డాక్టర్ను పెట్టుమని ఇప్పుడే అడుగుదం. సెలైన్ పెట్టేముందు, "సార్, గుండె, కిడ్నీ సంగతి ఒకసారి చూడుండ్రి" అని కూడ అడుగుదం.