కావలివాడు లేని కణం

"నాకు ఏ నొప్పీ లేదు డాక్టరమ్మా, మరి ఈ పరీక్ష ఎందుకు?" గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోమన్నప్పుడు మేము తరచుగా వినే ప్రశ్న ఇది. అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు మన కణాల్లో కాపలా కాసే ఒక చిన్న ప్రొటీన్ దగ్గర ఉంది. దాని పేరు పి53.

పి53 ఏం చేస్తుంది?

శాస్త్రవేత్తలు ఈ ప్రొటీన్‌ను 1979లో గుర్తించారు. ఇది క్యాన్సర్‌ను పెంచుతుందని మొదట్లో పొరబడ్డారు. నిజానికి ఇది క్యాన్సర్‌ను అడ్డుకుంటుందని పదేళ్ల తరువాత, 1989లో తేలింది.

మన శరీరంలో కణాలు విభజన చెందుతూ కొత్త కణాలు పుడుతుంటాయి. ఆ సమయంలో డి.ఎన్.ఏ.లో తప్పులు దొర్లవచ్చు. పొగాకు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు కూడా దానిని దెబ్బతీస్తాయి. మామూలుగా పి53 కణంలో చాలా కొద్దిగా ఉంటుంది. డి.ఎన్.ఏ. దెబ్బతినగానే దాని మోతాదు పెరుగుతుంది. అప్పుడది కణ విభజనను ఆపించి, మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది. మరమ్మతు కుదరకపోతే ఆ కణం తనంతట తానే చనిపోయేలా చేస్తుంది. చెడిన విత్తనాన్ని ఏరి పారేసినట్టన్నమాట.

మనుషులకు వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో పి53 జన్యువు చెడిపోయి ఉంటుంది.

వైరస్ ఏం చేస్తుంది?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సంగతి వేరు. ఇందులో ఎక్కువ మందికి పి53 జన్యువు బాగానే ఉంటుంది. కాని తయారైన ప్రొటీన్ నిలవదు. కారణం హెచ్.పి.వి. అనే వైరస్. ఈ వైరస్‌కూ ఈ క్యాన్సర్‌కూ గల సంబంధాన్ని కనుగొన్న జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ వైరస్ ఇ6 అనే తన ప్రొటీన్‌తో పి53ను పట్టుకొని, కణంలోని వ్యర్థాలను ముక్కలు చేసే యంత్రాంగానికి అప్పగిస్తుంది. దొంగ ఇంట్లోకి దూరే ముందు కుక్కకు మందు పెట్టినట్టే. కావలి లేని కణంలో తప్పులు ఏటికేడు పోగవుతాయి.

మరి వైరస్ ప్రొటీన్లను ఆపేస్తే? 2000లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగశాలలోని ముఖద్వార క్యాన్సర్ కణాలలో ఈ పని చేసి చూశారు. పి53 మళ్లీ పనిలోకి వచ్చింది, కణాల విభజన ఆగింది. అయితే ఇది ఇంకా రోగులకు ఇచ్చే మందుగా మారలేదు.

మనకు దొరికే వ్యవధి

ఈ వైరస్ సోకిన ప్రతి స్త్రీకీ క్యాన్సర్ రాదు. చాలామందిలో ఒకటి రెండేళ్లలో అదే పోతుంది. పోకుండా నిలిచిపోయినవారిలో క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుండి 20 ఏళ్లు పడుతుంది. చికిత్స పొందని హెచ్.ఐ.వి. వంటి కారణాలతో రోగనిరోధక శక్తి తగ్గినవారిలో 5 నుండి 10 ఏళ్లలోనే మారవచ్చు.

ఇన్నేళ్లలోనూ నొప్పి ఉండదు. అందుకే నొప్పి లేనప్పుడే రమ్మంటున్నాము. పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి చూస్తే, మారిన చోటు ఒక నిమిషంలో తెల్లగా కనబడుతుంది. క్యాన్సర్ కాకముందే ఆ భాగాన్ని తొలగించవచ్చు. హెచ్.పి.వి. పరీక్ష ఇంకా మెరుగైనది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 1,30,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసిన వర్గంలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

గుర్తుంచుకోండి

* 30 ఏళ్లు దాటిన స్త్రీలు ఐదేళ్లకొకసారి పరీక్ష చేయించుకోవాలి. హెచ్.ఐ.వి. ఉన్నవారు ఇంకా ముందుగా, తరచుగా చేయించుకోవాలి.
* 9 నుండి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకా వేయించాలి. మన దేశంలో తయారైన టీకాకు 2022లో అనుమతి లభించింది. టీకా వైరస్‌ను రానివ్వదు, వచ్చినదాన్ని పోగొట్టదు. కాబట్టి టీకా వేయించుకున్నవారికీ తరువాత పరీక్ష అవసరమే.
* నెలసరి ఆగిన తరువాత గాని, కలయిక తరువాత గాని రక్తం కనబడితే, దుర్వాసనతో తెల్లబట్ట అవుతుంటే వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు మీ అమ్మగారిని, అత్తగారిని, వదినను కూడా వెంట తీసుకురండి. కణంలోని కావలివాడు లేనప్పుడు మనమే కావలి కాయాలి.