కథ ఆగినచోట పలికే కథకుడు

నవల చదివేవారిలో పలువురు కథ వెంట పరుగు తీస్తారు. నడుమ కథకుడు ఆగి నాలుగు మాటలు చెప్పబోతే ఆ పేరాను దాటి ముందుకు సాగుతారు. కాని కథకుని విశ్వాసాలు స్పష్టంగా వినిపించేది తరచుగా అటువంటి చోట్లనే. ప్రేమ్‌చంద్ నవల 'గోదాన్' (1936) ఇందుకు చక్కని నిదర్శనం.

అవధ్ ప్రాంతంలోని బేలారీ గ్రామవాసి హోరీ పేద రైతు. ఇంటి ముంగిట ఒక ఆవు ఉండాలన్నది అతని చిరకాల వాంఛ. పాలు అమ్ముకొని బతికే భోలా దారిలో ఎదురై, అరువు మీద ఆవును ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. అంతలోనే తన పశువులకు మేత కరవైన సంగతి బయటపెడతాడు. కష్టంలో ఉన్నవాని ఆవును తోలుకుపోవడానికి హోరీకి మనసొప్పదు.

సరిగ్గా ఇక్కడే కథ ఆగుతుంది. రైతు స్వార్థపరుడేనని కథకుడు మొదట ఒప్పుకుంటాడు. అతడు గట్టిగా బేరమాడతాడు. చేతిలోని పైసను సులభంగా వదలడు. మరుక్షణమే కథకుని ఆలోచన మలుపు తిరుగుతుంది. చెట్టు కాసిన పండును లోకం తింటుంది; ఆవు పాలు ఆవు తాగదు. అటువంటి ప్రకృతితో నిత్యం సహజీవనం చేసేవానిలో నీచమైన స్వార్థానికి చోటెక్కడిదన్నది అతని భావం.

ఈ మలుపును వ్యాకరణం కూడా పట్టిస్తుంది. కథ భూతకాలంలో నడుస్తుండగా, ఈ వ్యాఖ్య నిత్యసత్యాన్ని చెప్పే వర్తమానంలోకి మారుతుంది. 'హోరీ ఇలా చేశాడు' అనే వాక్యం ఒక వ్యక్తిని గురించినది. 'రైతు ఇలా ఉంటాడు' అనేది కథకుని విశ్వాసం.

ఆ విశ్వాసాన్ని మనం ఊరకే స్వీకరించనక్కరలేదు. కొన్ని పుటల తరువాత ఇదే హోరీ, ఉమ్మడి వెదుళ్ల అమ్మకంలో వేరుపడిన తమ్ముళ్లకు తెలియకుండా కొంత మిగుల్చుకోజూసి, చివరకు తానే మోసపోతాడు. కథకుడు ఒప్పుకున్న స్వార్థం కూడా నిజమేనని కథ రుజువు చేస్తుంది.

పాత్రల ఉపన్యాసాలను మాత్రం దీనితో కలపరాదు. ఇదే నవలలో తత్త్వశాస్త్ర ఆచార్యుడు మెహతా స్త్రీల ఆదర్శాన్ని గురించి దీర్ఘంగా ప్రసంగిస్తాడు. అది మెహతా అభిప్రాయం. దానిని ప్రేమ్‌చంద్‌కు అంటగట్టే ముందు తగిన ఆధారం చూడాలి. పాత్ర మాటకు ఎదుటి పాత్ర బదులు చెప్పగలదు; కథకుని మాటకు బదులు చెప్పగలిగేది కథ ఒక్కటే.

హిందీ నుంచి తెలుగులోకి అనువదించే నావంటివారికి ఇక్కడ ఒక ప్రలోభం ఎదురవుతుంది. నడక మందగిస్తున్నదని ఆ పేరాను కుదించాలనిపిస్తుంది. మొదటి సగం తీసివేస్తే రైతు మహాత్ముడవుతాడు. రెండవ సగం తీసివేస్తే జిత్తులమారి అవుతాడు. రెండూ ఉన్నప్పుడే అతడు మనిషి. సంఘటనలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా, రైతును ప్రేమించి కూడా అతని లోపాలను దాచని ఆ చూపు మాత్రం తెలుగు పాఠకునికి చేరదు.

అవధ్‌ను ఎన్నడూ చూడని పాఠకుడు హోరీలో తన ఊరి రైతును గుర్తుపడితే, అందుకు ఆవు కథ ఎంత కారణమో ఆ కొద్ది వాక్యాలూ అంతే కారణం. ఈసారి నవల చదివేటప్పుడు కథ ఆగినచోట మీరూ ఒక క్షణం ఆగండి.